కైకిలి రేటు ఎందుకు పెరిగింది?

జహీరాబాద్ దగ్గర మా ఊళ్ళో అల్లం తవ్వే రోజులొస్తే మా నాయిన నోట ఒకటే మాట: "కరువు పని వచ్చినంక కైకిలోళ్లు దొరుకుతలేరు. దొరికినా రేటు ఎక్కువ." మా చేన్లో పనికొచ్చే పెద్దమ్మ మాట వేరు: "గిప్పుడన్నా నాలుగు పైసలు కండ్ల చూస్తున్నం బిడ్డా."

కరువు పని అంటే ఉపాధి హామీ పథకం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ తర్వాత కూలి పెరిగింది, నిజమే. కానీ అది పథకం వల్లే అని ఎలా చెప్తాం? వానలు బాగా పడి ఉండొచ్చు, పట్నంలో పనులు పెరిగి ఉండొచ్చు.

ఈ చిక్కు విప్పే అవకాశం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దొరికింది. ఉపాధి కూలిని వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతిని 2010లో 8 జిల్లాల్లో తెచ్చినప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ వేసి తేల్చారు. ముందు వచ్చిన 112 మండలాలను, చివర్లో రావలసిన 45 మండలాలతో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ పోల్చి చూశారు. అంటే వాళ్లు కొలిచింది, ఉన్న పథకమే సరిగ్గా నడిస్తే ఏమవుతుందన్నది. ఎకనోమెట్రికా పత్రిక 2023లో ఆ ఫలితాలు అచ్చువేసింది.

ముందు వచ్చిన మండలాల్లో పథకం కింద ఉన్న కుటుంబాల సంపాదన 14 శాతం ఎక్కువ. అందులో 86 శాతం పథకం ఇచ్చిన డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చింది! కూలి రేటూ పెరిగింది, పని దొరకడమూ పెరిగింది. ఉపాధి పైసలు సరిగ్గా అందితే, తక్కువకు పిలిచినవాళ్లకు "రాను" అని చెప్పే ధైర్యం వస్తుంది కదా. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళలో పని మరింత పెరిగింది. భూమి మీద రాబడి మాత్రం తగ్గింది.

మన ల్యాబ్‌లో ఒక్క రెసిస్టర్ మారిస్తే సర్క్యూట్ అంతటా కరెంటు మారుతుంది. ఆ రెసిస్టర్ దగ్గర ఒక్కచోటే కొలిస్తే ఏం తెలుస్తుంది? స్థూల ఆర్థికశాస్త్రం అడిగే ప్రశ్న అదే. అందుకే లాటరీని మనిషికో ఊరికో కాక, మండలం మొత్తానికి వేశారు.

అప్పటి మా మెదక్ జిల్లా ఆ ఎనిమిదింటిలో లేదు. అయినా నాయినకు చెప్పిన, ఇద్దరి మాటా నిజమేనని. ఎవరికెంత వచ్చిందో, ఎవరికెంత పోయిందో పరిశోధన చెప్తుంది. అది న్యాయమా కాదా అన్నది మనం తేల్చుకోవాలె.

అంతా విని నాయిన అడిగిండు: "మరి అల్లం రేటు గూడ గట్ల పెరిగే ఉపాయం ఏమన్న రాసిన్రా వాళ్లు?"

నా దగ్గర జవాబు లేదు.