వదంతియు విద్యుత్తును

2018వ సంవత్సరమున గద్వాల, వనపర్తి జిల్లాలలో పిల్లలనెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను కల్లమాట సెల్‌ఫోనుల ద్వారా వ్యాపించినది. నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు గ్రామములకు పోలీసులనంపి, పాటలతో, డప్పులతో నిజము చాటించిరి.

వదంతి మనుష్యులనే గాక విద్యుత్తును గూడ దెబ్బతీయగలదు. 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి ప్రధానమంత్రి కోరికపై జనులు 9 నిమిషములు దీపములార్పగా దేశమున వాడకము సుమారు 31,000 మెగావాట్లు తగ్గెను. రెండు దినములు ముందుగా తెలిసియుండుటచే ఇంజనీర్లు జలవిద్యుత్కేంద్రముల సాయమున గండము గడపిరి. కల్లకబురు ముందుగా చెప్పి రాదు. "రేపటినుండి కరెంటు లేదు, నేటి రాత్రియే నీరు పారించుకొనుడు" అను కబురు నమ్మి నాగర్‌కర్నూలు మొదలు గద్వాల వరకు రైతులందరు ఒక్కమారు మోటార్లు వేసినచో ట్రాన్స్‌ఫార్మర్లు కాలును, పైరులెండును. శత్రువు తీగ తెంపనక్కరలేదు. మన చేతనే మీట నొక్కించును. నిజము నిలకడమీద తెలియునందురు. అంతవరకు ట్రాన్స్‌ఫార్మరు నిలువదు.

కావున సబ్‌స్టేషనులో విచారింపక ఎవరును అట్టి కబురును పాటింపరాదనియు, ఇతరులకు పంపరాదనియు మేము కోరుచున్నాము. పెద్దరైతులు తమ ఊళ్లలో ఇందుకు పూనుకొనవలెను. విద్యుచ్ఛాఖవారును కోతల వేళలను దాచక ముందే ప్రకటింపవలెను.