రాగి మడ్డిలో బంగారము

రాగిని శుద్ధిచేయు తొట్టి అడుగున నల్లని మడ్డి పేరుకొనును. చూచుటకు అది వట్టి బురదయే. కాని దానిలో బంగారము, వెండి, సెలీనియము, టెల్లూరియము దాగియుండవచ్చును. అవి అందులోనికి ఎట్లు వచ్చినవి?

కొలిమినుండి వచ్చిన, సుమారు 99 శాతము శుద్ధమైన రాగిపలకను ధనధ్రువముగా చేసి, గంధకికామ్లము కలిపిన మైలుతుత్తపు ద్రావణములో వ్రేలాడదీసి, విద్యుత్తును ప్రసరింపజేయుదురు. పలకలోని రాగి కరిగి, ఋణధ్రువముపై దాదాపు 99.99 శాతము శుద్ధితో చేరును. బంగారము మొదలైనవి ద్రావణములో నిలువక అడుగునకు దిగును.

ఈ మడ్డికి విలువ కట్టుట ఎట్లు? మొదట దానిని బాగుగా కలిపి పలుచోట్లనుండి నమూనా తీయవలెను. అందు మిగిలిన రాగిని ఆమ్లముతో తొలగించి, సీసపు ఆక్సైడు, స్రావకములు, కొంచెము గోధుమపిండి చేర్చి కరగింతురు. పిండిలోని కర్బనము ఆక్సైడును సీసముగా మార్చును. ఆ సీసము బంగారమును, వెండిని తనలో చేర్చుకొనును. ఈ ముద్దను ఎముకల బూడిదతో చేసిన మూసలో కాల్చగా, సీసము తిరిగి ఆక్సైడై మూసలోనికి ఇంకిపోవును. చిన్న పూస మిగులును. నత్రికామ్లములో వేసినచో వెండి కరిగి బంగారము నిలుచును.

10 గ్రాముల నమూనాలో 20 మిల్లీగ్రాముల బంగారము దొరికినదనుకొనుడు. అనగా టన్నుకు 2 కిలోగ్రాములు. తూకములో ఒక్క మిల్లీగ్రాము పొరపడినచో టన్నుకు 100 గ్రాముల బంగారము లెక్క తప్పును. కావుననే మడ్డినుండి లోహమును తీయు కొలిమికంటె ముందు, దానిని తూచు త్రాసు సరిగా ఉండవలెను.