వేటోళ్ల పట్టా మీద చైనా కత్తి!

హులిగిలో రద్దీకి వేళాపాళా లేదు. మంగళవారం, శుక్రవారం, పున్నమి.. ఏది వచ్చినా కొప్పళ జిల్లా మునిరాబాద్ పక్కన తుంగభద్ర ఒడ్డునున్న హులిగెమ్మ గుడి దారులు జనంతో నిండిపోతాయి. బళ్లారి నుంచి, గంగావతి, కారటగి, సింధనూరు క్యాంపుల నుంచి తెలుగువాళ్లూ ఆటోలు, ట్రాక్టర్లు కట్టించుకుని వెళ్తారు. మొక్కు తీరాక తిరుగుదారిలో పిల్లలకో బొమ్మ, ఆడవాళ్లకో డజను గాజులు మామూలే. దారి పక్కన నేల మీద పట్టా పరచుకుని కూర్చున్న కుటుంబాల దగ్గర పూసల దండలు, పిన్నులు, దువ్వెనలు, నెయిల్ కట్టర్లు ఉంటాయి. వాటి మధ్యలోనే తళతళలాడే కత్తులు. మడతపెట్టేవి కొన్ని, పండ్లు కోసుకునేవి కొన్ని. పిడి ప్లాస్టిక్‌ది, పైన కొయ్య రంగు. అట్టపెట్టె మీద అర్థంకాని చైనా అక్షరాలు. ధర అడిగితే నూటయాభై. కాస్త బేరమాడితే వంద. లేచి వెళ్లిపోతున్నట్టు నటిస్తే ఎనభై!

అమ్మేవాళ్లు కొనేవారితో కన్నడంలో, తెలుగులో, హిందీలో తడుముకోకుండా మాట్లాడతారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం వేరే మాట. వినేవారి చెవికి గుజరాతీలా తోస్తుంది. ఇలా చిల్లర సామాను అమ్ముకునే సంచార కుటుంబాల్లో హరణ్ శికారీలు, హక్కిపిక్కిలు ఎక్కువ. హరణ్ అంటే లేడి. శికారీ అంటే వేటగాడు. లేడి వేటే జాతికి పేరుగా మారినవారు ఈ రోజు చైనా కత్తి అమ్ముతున్నారు. ఆ కత్తితో లేడి కాదు కదా, గట్టి గుమ్మడికాయ కోయాలన్నా కష్టమే.

ఆవు చాటున వేటగాడు

కర్ణాటక షెడ్యూల్డు తెగల జాబితాలో వీరి పద్దు చూస్తే తెలుగువారికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పార్ధీ, అడవిచించేర్, ఫాన్సే పార్ధీ, హరణ్ శికారి అని వరుసగా ఉంటుంది. ఆ రెండోది అచ్చంగా మన ‘అడవి చెంచు’ మాటే. సరిహద్దు జిల్లాల తెలుగు నోళ్లలో నలిగిన పేరు సర్కారు కాగితంలోకి అలాగే ఎక్కింది. హరణ్ శికారి అన్న పేరును 2003లో చట్ట సవరణతో చేర్చారు.

ఫాన్సే అంటే ఉచ్చు. పేరుకు తగ్గట్టే వీరి పెద్దల వేట తుపాకీది కాదు, ఉచ్చుది. తోలుతో, జంతువుల నరాలతో పేనిన సన్నటి ఉచ్చులను వరసగా ఒక తాడుకు కట్టి మేకులతో నేలలో దిగ్గొట్టేవారు. కృష్ణజింక అడవిలో దాగే జంతువు కాదు. ఎర్రనేలల్లో, నల్లరేగడి బీళ్లలో, చెట్టన్నది కనిపించని మైదానంలో మందగా తిరుగుతుంది. అర మైలు దూరాన మనిషిని చూసినా చెంగుమని ఎగిరి పారిపోతుంది. పరుగు తీస్తే గంటకు 80 కిలోమీటర్లు! దాని దగ్గరికి చేరడం ఎలా? అందుకే మచ్చిక చేసిన ఆవునో ఎద్దునో వెంటబెట్టుకునేవారు. ఆవు మేస్తూ మేస్తూ కదులుతుంది. దాని చాటున వంగి వేటగాడు కదులుతాడు. మంద బెదరదు. మెల్లగా ఉచ్చుల వరస వైపు మళ్లుతుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఒక్క మాట మాట్లాడకుండా సాగే పని అది.

రాజుల దగ్గర ఇదే విద్యకు వేరే గౌరవం ఉండేది. చిరుత పులిని కాదు, దాని సన్నటి చుట్టమైన చీతాను పెంచి జింకల మీదికి వదలడం దక్కను సంస్థానాల్లో పెద్ద వినోదం. ఆ చీతాలను పట్టి, మచ్చిక చేసిన పార్ధీలకు చీతేవాలే అన్న పేరే ఉంది. దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. అదే ఏడాది ఇంకొకటీ పోయింది. ‘నేరస్థ జాతుల చట్టం’. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన ఈ చట్టం కొన్ని జాతుల్లో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే దొంగగా లెక్కగట్టింది. పోలీసు హాజరు, ఊరు దాటితే చీటీ, కంచె వేసిన కాలనీలు. హుబ్బళ్లిలో ‘సెటిల్‌మెంట్’ అన్న పేటపేరు ఆనాటిదే. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ రోజును ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకొంటారు. చట్టం పోయినా అనుమానం పోయిందా అంటే.. ఊళ్లో ఏ మేక మాయమైనా మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారో అందరికీ తెలిసిందే.

బీడు పోయి మడి వచ్చింది

వేట ఆగింది చట్టం వల్లేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం మన క్యాంపుల కథలో ఉంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఎడమ కాలువ నీరు రాయచూరు సీమ నల్లరేగడిలోకి పారింది. నీటి సేద్యం తెలిసిన రైతులు కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. సింధనూరు, గంగావతి చుట్టూ క్యాంపులు వెలిశాయి. జొన్న, సజ్జ తప్ప ఎరగని బీళ్లు వరి మళ్లయ్యాయి. వలస రైతు చెమటకు దక్కిన ఫలం అది, కాదనలేం. అయితే జింక తిరిగిన మైదానం ఆ మళ్ల కిందికే వెళ్లింది. బురద మడిలో కృష్ణజింక నిలవదు. దాన్ని నమ్ముకున్నవాడూ నిలవలేదు.

ఆ మీదట 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా పాతిక వేలకు తగ్గదు. చంపడమే కాదు.. ఉచ్చు పన్నడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. దొరికిన కత్తి, వల, బండి ప్రభుత్వ పరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా కృష్ణజింకే. గొప్ప చట్టమే, సందేహం లేదు. అది లేకపోతే జింక ఈపాటికి బొమ్మల్లోనే మిగిలేది. కానీ ఒక జాతి మొత్తం చేతిలోని విద్య ఒక్క ఏడాదిలో నేరమైంది. బదులుగా ఏ పని చేయాలో చెప్పినవారు లేరు.

కమాను పట్టీ కత్తి

ఇక కత్తి సంగతి. వేట రోజుల్లో వీరి కత్తి కమ్మరి కొలిమిలో పుట్టేది. జానెడు అలుగు, తుమ్మకొయ్య పిడి, పిడి మెడకు పొన్ను. లారీలు వచ్చాక కమ్మరికి మంచి ఇనుము దొరికింది. విరిగిన కమాను పట్టీ. దాన్ని కాల్చి, సమ్మెటతో సాగదీసి, వాదర ఎర్రగా ఉండగా నీరు పట్టిస్తే ఏళ్లకేళ్లు పనిచేసే కత్తి తయారు. కమాను ఉక్కులో కార్బన్ నూటికి అర పాలు పైనే ఉంటుంది. పదును నిలవడానికి అదే కారణం. తడి తగిలితే తుప్పు పడుతుంది నిజమే, కానీ బండ మీద నాలుగుసార్లు నూరితే మళ్లీ వెంట్రుక తెగుతుంది. తోలు ఒలవడానికి కావాల్సింది అలాంటి వాదరే. మధ్యలో మొండివారితే తోలు చిరుగుతుంది, మాంసం పాడవుతుంది.

సంతలో దొరికే చవక స్టీలు కత్తి తీరు వేరు. అందులో క్రోమియం నూటికి 13 పాలు దాకా ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు. కార్బన్ మూడో వంతు పాలు ఉంటే ఎక్కువ. మెత్తటి స్టీలు. కొన్న రోజు కోస్తుంది, నెల తిరిగేసరికి టమాటా మీద జారుతుంది. నూరితే పదును వస్తుంది, నిలవదు. అయినా జనం కొంటారు. ఎందుకంటే కమ్మరి కత్తికి ఇంతకు రెండింతలు మూడింతలు పెట్టాలి, పైగా కొలిమి దాకా వెళ్లి రెండు రోజులు ఆగాలి. కొలిమిలున్న ఊళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

ఈ కత్తులు ఎక్కువగా చైనాలోని గువాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి వస్తాయి. అక్కడి యాంగ్జియాంగ్ పట్నానికి కత్తులే బతుకు. 2001 ఏప్రిల్ 1న మన దేశం వినియోగ వస్తువుల దిగుమతులపై మిగిలిన పరిమితులు ఎత్తేసింది. ఆ తర్వాతే బొమ్మలు, తాళాలు, టార్చిలైట్లు, కత్తులు బెంగళూరు చిక్కపేట, హైదరాబాద్ బేగంబజార్, చెన్నై ప్యారిస్ దుకాణాల్లో గుట్టలు పడ్డాయి. మూట కట్టుకుని రైలెక్కేవారికి అదొక కొత్త జీవనం. తిరుగుడు వీరికి కొత్తకాదు. బరువు తక్కువ, పెట్టుబడి తక్కువ, జాతర తర్వాత జాతర. వేట విద్యలో మిగిలింది దారులు గుర్తుపెట్టుకోవడం ఒక్కటే.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఆయుధాల చట్టం కింద తొమ్మిది అంగుళాలకు మించిన, లేదా రెండు అంగుళాల వెడల్పు దాటిన కత్తులకు ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్ల లైసెన్సు కావాలి. వంటకు, సేద్యానికి వాడేవాటికి మినహాయింపు ఉంది. పట్టా మీదవన్నీ జానెడుకు లోపువే. అయినా పేరు చెప్పాక, కులం తెలిశాక, సంచిలోని పండ్ల కత్తి తనిఖీలో వేరేగా కనిపిస్తుంది. అదే కత్తి పట్నం సూపర్ మార్కెట్‌లో కొన్నవారిని ఎవరూ ఆపరు.

చుట్టాలు ఒకటే.. కాగితాలు వేరు

రాష్ట్రాల గీతలు వీరిని ఎలా విడదీశాయో చూస్తే విచిత్రం. భాషలో వీరికి దగ్గరివారే మన నక్కలోళ్లు, తమిళనాడు నరికురవలు. ఆంధ్రప్రదేశ్‌లో నక్కల, కురివికారన్ కులాలు 2003లో ఎస్టీల్లో చేరాయి. తమిళనాడులో అదే జనానికి ఆ గుర్తింపు 2023 జనవరిలో వచ్చింది. నడుమ ఇరవై ఏళ్లు! నగరి దాటి తిరుత్తణిలో కాపురం పెట్టిన ఆడబిడ్డ పిల్లలకు ఒక సర్టిఫికెట్, ఇవతల పుట్టింటి పిల్లలకు ఇంకొకటి. కర్ణాటకలో హక్కిపిక్కిలు ముందునుంచే ఆ జాబితాలో ఉన్నారు. వారిలో కొందరు మూలికల నూనెలు పట్టుకుని ఆఫ్రికా దాకా వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో కాల్పులు మొదలైనప్పుడు చిక్కుకుపోయి, కేంద్రం చేపట్టిన ‘ఆపరేషన్ కావేరి’లో తిరిగొచ్చారు.

మరోవైపు జింక మళ్లీ కనిపిస్తోంది. రాయచూరు, కొప్పళ మెట్ట చేలల్లో, సరిహద్దుకు అవతల నారాయణపేట జిల్లా మాగనూరు, కృష్ణా మండలాల్లో మందలు పెసర, పత్తి మొలకలు మేసేస్తున్నాయని రైతుల మొర. రాత్రుళ్లు కాపలా, డబ్బా మోతలు, పాత చీరల కంచెలు. కొన్నిచోట్ల అడవిపందికని బైకు క్లచ్ వైరుతో ఉచ్చు పెడుతున్నారు. దరోజి ఎలుగులున్న సీమ ఇది. వైరుకు పందీ తెలియదు, ఎలుగూ తెలియదు, లేడీ తెలియదు. మందను చెదరగొట్టకుండా దారి మళ్లించడం తెలిసిన జాతి ఊరి చివరే ఉంది. నష్టపరిహారం లెక్కలేసే ఆఫీసుల్లో ఆ సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. మందల కాపలాకు, చేల నుంచి వాటిని బయటకు మళ్లించడానికి ఈ యువకులను జీతాలిచ్చి పెట్టుకుంటే ఒక దెబ్బకు రెండు పనులు. ఒడిశా గంజాం జిల్లా భేట్నోయిలో పైరు తిన్నా జింకను ఊరంతా కలిసి కాస్తోంది. అలాంటి ఊరు మన వైపు లేకపోవచ్చు, కాపలా తెలిసినవారు ఉన్నారు.

హులిగిలో పొద్దువాలాక పట్టాలు మడుస్తారు. అమ్ముడుపోని కత్తులు తిరిగి అట్టపెట్టెల్లోకి. రాత్రి వంటకు ఉల్లిగడ్డ కోసేందుకు బయటికి తీసేది మాత్రం వాటిలోది కాదు. నూరి నూరి సగమై, నల్లబడిన కమాను పట్టీ కత్తి. అది అమ్మకానికి లేదు. తెల్లారితే బస్సు మైలార దారి పడుతుంది.