మీకు తెలుసా? ఆవిర్లను ఓర్చుకోనక్కర్లేదు!

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్‌లో ఎన్నో ఉన్నాయి. ముట్లుడిగే వయసులో ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు మొదలైతే, వాటికి మంచి వైద్యం ఉంది.

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఈస్ట్రోజెన్. మాత్ర, పట్టీ, జెల్ రూపాల్లో దొరుకుతుంది. గర్భసంచి ఉన్నవాళ్లు దాంతోపాటు ప్రొజెస్టెరాన్ తప్పక వాడాలి, లేకపోతే గర్భసంచి లోపొరకు క్యాన్సర్ ముప్పు. 2002లో అమెరికాలో ఈ హార్మోన్లపై జరుగుతున్న ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేయడంతో హార్మోన్లంటేనే భయం పట్టుకుంది. 60 ఏళ్లలోపు, ముట్లుడిగిన 10 ఏళ్లలోపు మొదలుపెడితే ఆరోగ్యవంతుల్లో చాలామందికి మేలే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మాత్రం సాధారణంగా హార్మోన్లు ఇవ్వరు; హార్మోన్ లేని మాత్రలు వేరే ఉన్నాయి.

గర్భసంచి తీయించుకోవడం ఈ బాధకు వైద్యం కాదు. అండాశయాలూ తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా, ఇంకా తీవ్రంగా వస్తాయి. అయినా గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశ సగటు కన్నా తెలుగు రాష్ట్రాల్లో రెట్టింపు పైనేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

ముట్లాగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది చుక్కయినా సరే, వెంటనే డాక్టరమ్మకు చూపించుకోండి. సూరత్‌లోని ఉమర్‌వాడలో నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆసుపత్రి ఉంది.