పక్షవాతం వచ్చిన స్త్రీలకు అనువైన దుస్తులు



పక్షవాతం వచ్చినా, వెన్నుపాముకు దెబ్బ తగిలినా ఆ స్త్రీకి ఇక నైటీయే గతి అని ఇంటివారు అనుకోవడం మేము చూస్తుంటాం. నైటీతో నలుగురిలోకి రాలేక ఆమె ఆరాధనకు కూడా రావడం మానేస్తుంది. కొద్దిపాటి కుట్టుపనితో ఆమె మళ్లీ చీర కట్టవచ్చు.

జాకెట్టు: హుక్కులు ఒంటిచేత్తో పెట్టుకోవడం కష్టం. వాటి బదులు వెల్క్రో పట్టీ కుట్టించండి. గరుకు వైపు ఒంటికి తగలకూడదు. తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతిది చివర తీయాలి.

చీర: కుచ్చిళ్లు ముందే కుట్టించి, నడుముకు వెల్క్రో పెట్టించండి. వీల్‌చైర్ చక్రంలో పడకుండా అంచు పైకి ఉండాలి. మన మంగళగిరి, చీరాల నూలు చీరలు చెమట పీలుస్తాయి.

లోదుస్తులు: నూలువి, రెండు పక్కలా తెరుచుకునేవి అయితే మార్చడం తేలిక. స్పర్శ లేనిచోట ముడి, లావు కుట్టు ఒత్తుకున్నా ఆమెకు తెలియదు, పుండు పడుతుంది. రోజూ పిరుదులు, తుంటి చూడండి. చర్మం ఎర్రగా గాని నల్లగా గాని కమిలి, ఆ మచ్చ తగ్గకపోతే అటువైపు ఆననివ్వక వెంటనే ఆసుపత్రిలో చూపించండి.

మిరప కల్లం నుండి వచ్చినవారు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఆమె బట్టలు ముట్టాలి.

రంగు, అంచు మాత్రం ఆమెనే ఎంచుకోనివ్వండి. నచ్చిన చీరలో ఆమె ఆదివారం మన మధ్య కూర్చోవాలని మా ప్రార్థన.