తొలి రివాల్వర్ కొనేవారు ధర ఒక్కటే చూస్తే సరిపోతుందా?

రాత్రి దుకాణం కట్టేసి ఆనాటి వసూళ్లతో ఇంటికి బయలుదేరే చిన్నపాటి బంగారు వర్తకుడు, ఊరి చివర తోటలో ఒంటరిగా కాపురముంటున్న వృద్ధ దంపతులు, బెదిరింపు ఫోన్లతో నిద్ర కరువైన గుత్తేదారు. భారతదేశంలో తొలిసారి రివాల్వర్ కొనాలని తలచేవారంతా సంపన్నులో, రాజకీయ నాయకులో కారు. లక్ష రూపాయలంటే వెనుకాముందు చూసుకునే మధ్యతరగతి వారూ అందులో ఉన్నారు. వారి మొదటి ప్రశ్న సహజంగానే ధర గురించి ఉంటుంది. అయితే ఈ దేశంలో రివాల్వర్‌ను ముందు ఎంచుకుని తర్వాత కాగితాలు చూసుకోవడం కుదరదు. కాగితం చేతికి వచ్చాకే దుకాణం మెట్లెక్కాలి.

అమెరికాలో ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగం గుర్తించిన హక్కు. భారత రాజ్యాంగంలో అటువంటి హక్కు లేదన్న సంగతిని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో, ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు లేని ఆయుధాల బెడదపై విచారణ సందర్భంగా మరోమారు గుర్తుచేసింది. ఇక్కడ ఆయుధం ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధ నిబంధనలు ఆ అనుమతికి హద్దులు గీస్తున్నాయి.

‘తగిన కారణం’ చూపాలి

చాలామంది గమనించని తేడా ఒకటి చట్టంలోని 13వ సెక్షన్‌లో ఉంది. ఆత్మరక్షణకో, క్రీడకో కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నని బోరు తుపాకీ అడిగినా, పంట కాపలాకు మందు కూరి కాల్చే తుపాకీ అడిగినా చట్టం కొంత ఉదారంగా వ్యవహరిస్తుంది. రివాల్వర్ ఆ కోవలోకి రాదు. దాన్ని కోరే వ్యక్తికి ‘తగిన కారణం’ ఉన్నదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలగాలి. నడుముకు దోపుకుని ఎవరి కంటా పడకుండా తిరగగలిగే ఆయుధం కావడమే ఈ కట్టుదిట్టానికి మూలం. అడవి పందుల బెడదతో పంట పోగొట్టుకుంటున్న రైతుకు రివాల్వర్ ఏ విధంగానూ పనికిరాదు. అతడు అడగవలసింది పొడవాటి తుపాకీనే.

జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్ వంటి పోలీసు కమిషనరేట్ల పరిధిలో కమిషనర్ దరఖాస్తును పరిశీలిస్తారు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. పోలీసులు నేర చరిత్ర, పరిసరాలు, చెబుతున్న ముప్పులోని నిజానిజాలు విచారించి నివేదిక పంపుతారు. బెదిరింపులు వచ్చి ఉంటే వాటిపై ఇచ్చిన ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ నకలు వంటివి జతచేయడం మేలు. ‘భద్రత కోసం’ అన్న ఒక్క మాట రాసి ఊరుకున్న దరఖాస్తుకు బలం తక్కువ. వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కూడా అవసరమవుతాయి.

స్వల్ప ఆదాయం గలవారికి ఊరటనిచ్చే మాట 14వ సెక్షన్‌లో ఉంది. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇతర కారణాలతో నిరాకరిస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుంది.

2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

.22, .32: మధ్యతరగతి ముందున్న రెండు దారులు

తుపాకీ గొట్టపు లోపలి వ్యాసాన్ని బోరు అంటారు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే .38, .45, 9 మిల్లీమీటర్ల ఆయుధాలు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. సాధారణ పౌరుడికి అవి అందవు. విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు 1980ల మధ్యకాలంలోనే నిలిచిపోయింది. అంతకుముందు వచ్చిన వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ వంటి పాత రివాల్వర్లు చేతులు మారుతూ నేటికీ లక్షల్లో పలుకుతున్నాయి. ఆ ధరలో ఎక్కువ భాగం పేరుకూ, కొరతకూ చెల్లించేదే. అరవై ఏళ్లు వాడిన ఇనుముకు అంత పెట్టడం పరిమిత బడ్జెట్ ఉన్నవారికి తెలివైన బేరం కాదు.

మిగిలినవి ప్రధానంగా .32, .22 బోర్ల స్వదేశీ రివాల్వర్లు. పూర్వపు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును కేంద్రం 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విభజించింది. చిన్న ఆయుధాల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ చేతికి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో వెబ్లీ పేరుతో .32 రివాల్వర్లు చేసే ప్రైవేటు కర్మాగారమూ ఉంది.

‘నిర్భీక్’ 2014 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. దిల్లీ సామూహిక అత్యాచార బాధితురాలికి పత్రికలు పెట్టిన ‘నిర్భయ’ అన్న పేరును స్ఫురింపజేస్తూ, మహిళల ఆయుధంగా దీన్ని ప్రచారం చేశారు. టైటానియం మిశ్రలోహంతో చేసిన ఈ .32 రివాల్వర్ బరువు సుమారు అర కిలో. నాటి ధర 1,22,360 రూపాయలు. రాత్రి బస్సులో ఇల్లు చేరే ఉద్యోగినికి ఆ ధర అందుబాటులో ఉంటుందా అన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది. దానికి సంతృప్తికరమైన జవాబు నేటికీ రాలేదు.

తర్వాత వచ్చిన ‘నిడర్’ .22 బోరుది. బరువు పావు కిలో మాత్రమే. విడుదలైనప్పుడు దాని ధర 35 వేల రూపాయల ప్రాంతంలో ఉండటంతో చిన్న బడ్జెట్ వారి చూపు అటు మళ్లింది. 2023 ఆగస్టులో విడుదలైన ‘ప్రబల్’ మరో రకం. .32 బోరు, 700 గ్రాముల బరువు, 50 మీటర్ల దాకా గురి అన్నవి దాని ప్రత్యేకతలుగా చెప్పారు. పాత నమూనాల్లో రివాల్వర్‌ను మధ్యకు విరిచినట్టు వంచి తూటాలు నింపుతారు. ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది.

50 మీటర్ల మాటకు తొలిసారి కొనేవారు ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తూనే, ప్రమాదాన్ని తప్పించుకోవడానికి అవసరమైనంత మేరకే ఎదుటివారికి హాని చేయవచ్చని హద్దు పెట్టింది. యాభై మీటర్ల అవతల నిలబడిన మనిషిపై కాల్పులు జరిపి, వేరే దారి లేకపోయిందని న్యాయస్థానాన్ని ఒప్పించడం కష్టం. ఆత్మరక్షణ సందర్భాలు సాధారణంగా గది పొడవును మించవు.

ఇక .22కూ .32కూ మధ్య ఎంపిక. .22 తూటాలో నిప్పు రగిలించే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. ఆ మందు అంచంతా సమంగా పరుచుకోకపోతే తూటా పేలకపోయే అవకాశం .32తో పోలిస్తే ఎక్కువ. తూటా దెబ్బ బలమూ తక్కువే. అయితే వెనక్కి తన్నే కుదుపు స్వల్పం కాబట్టి కొత్తవారు భయపడకుండా గురి నేర్చుకుంటారు. .32 రివాల్వర్ బలమైనదైనా లొంగనిదేమీ కాదు. దాని కుదుపు ఓ మోస్తరుగానే ఉంటుంది. ఒకే తూటాను పేల్చినప్పుడు తేలికైన ఆయుధం చేతిని ఎక్కువగా తంతుందన్నది గుర్తుంచుకోవాలి. జేబుకు సుఖమైనది చేతికి సుఖంగా ఉంటుందని లేదు. ముప్పు నిజమైనదైతే .32 కోసం మరికొన్నాళ్లు డబ్బు కూడబెట్టడమే సబబు. సాధన కోసమైతే .22 చాలు.

పన్ను పోటు, పాత ఆయుధం

ఏళ్లనాటి ధరలను నమ్ముకుని లెక్క వేసుకున్నవారు దుకాణంలో కంగు తింటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. పన్నుకు ముందు లక్ష రూపాయలున్న రివాల్వర్ ఇదివరకు 1,28,000 రూపాయలకు వచ్చేది. ఇప్పుడు 1,40,000 అవుతుంది. తూటాలు, ఇనుప పెట్టె, శుభ్రం చేసే సామగ్రి, శిక్షణ రుసుము దీనికి అదనం. ఆయుధానికే చేతిలోని డబ్బంతా పోసి, తూటాల ఖర్చుకు వెనకాడి ఒక్కసారైనా సాధన చేయనివారు ఎందరో. బడ్జెట్‌లో కొంత భాగాన్ని సాధనకు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో ఆయుధాన్ని చూసుకోవడం సరైన వరుస.

లైసెన్సుదారు నుంచి లైసెన్సుదారు పాత రివాల్వర్ కొనవచ్చు. అమ్మేవారు ఆ ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ లిఖితపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ‘ఈ రోజే డబ్బిస్తే ఈ రోజే ఇస్తా’ అన్న బేరం ఎంత చవకైనా చట్టవిరుద్ధమే.

పాతదాన్ని చేతిలోకి తీసుకోగానే ముందు సిలిండర్ తెరిచి ఖాళీగా ఉన్నదో లేదో చూడాలి. అమ్మేవారు చూశామన్నా మళ్లీ చూడాలి. తర్వాత గొట్టంలోకి వెలుతురు పడేలా పట్టుకుని తుప్పు గుంటలున్నాయేమో గమనించాలి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నప్పుడు సిలిండర్ ఊగిసలాడకూడదు. తూటా గదులన్నీ వంతులవారీగా గొట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలవాలి. అలా నిలవకపోతే తూటా అంచు గొట్టాన్ని గీరుకుని సీసపు రేకులు పక్కకు చిమ్ముతాయి, కాల్చేవారికే గాయమవుతుంది. మధ్యకు వంచే నమూనాల్లో కీలు, గొళ్లెం వదులైతే ఆ బేరం వదులుకోవాలి. ఈ పరీక్షకు ఆయుధాల మరమ్మతు తెలిసిన లైసెన్సు వ్యాపారిని వెంట తీసుకువెళ్లడం మేలు.

నాటు తపంచా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది చేతిలోనే పేలవచ్చు, జైలుకూ పంపుతుంది.

ఇంటికి వచ్చాక

రివాల్వర్‌లో పిస్టల్ మాదిరిగా విడి మ్యాగజీన్ ఉండదు. చాలా నమూనాల్లో చేతితో వేసే సేఫ్టీ మీట కూడా ఉండదు. తూటాలు నింపి ఉంటే ట్రిగ్గర్ నొక్కడమే తరువాయి. వాడకంలోని ఈ సౌలభ్యమే పిల్లలున్న ఇంట్లో పెను ప్రమాదం. దిండు కింద, బీరువాలో చీరల మడతల్లో దాచడం భద్రత కాదు. ఆయుధం తాళం వేసిన ఇనుప పెట్టెలో, తూటాలు వేరొక చోట, తాళంచెవి లైసెన్సుదారు వద్ద ఉండాలి.

మరొక ప్రమాదం గురించి దుకాణదారులు చెప్పరు. తుపాకీ ఉన్న ఇళ్లలో ఆత్మహత్యతో మరణించే ముప్పు ఎక్కువని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి. క్షణికావేశం గడిచిపోయేలోగా చేతికి అందే సాధనం అది. ఇంట్లో ఎవరైనా కుంగుబాటుతోనో, మద్యం వ్యసనంతోనో బాధపడుతుంటే కొనుగోలును వాయిదా వేసుకోవడం, ముందు వైద్యుడిని కలవడం మంచిది. ఆయుధం అప్పటికే ఉంటే కొంతకాలం పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు వ్యాపారి వద్దనో జమ చేసే వీలు గురించి అడగవచ్చు.

పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చడం సరదా కాదు, నేరం. ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా వేడుకల్లో కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2019 సవరణ చెబుతోంది. రివాల్వర్‌ను బయటకు తీసుకువెళ్లే ముందు లైసెన్సు ఏ జిల్లా, ఏ రాష్ట్రం వరకు చెల్లుతుందో చూసుకోవాలి. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు ఆయుధాలను పోలీసులకు అప్పగించమని కోరడం ఆనవాయితీ. అప్పుడు ఇచ్చే రసీదును జాగ్రత్త చేసుకోవాలి.

లైసెన్సు వ్యక్తికే గాని కుటుంబానికి కాదు. లైసెన్సుదారు మరణిస్తే ఆయన రివాల్వర్‌ను జ్ఞాపకార్థం పెట్టెలో దాచుకునే కుటుంబాలు ఉన్నాయి. ఆ క్షణం నుంచి అది అనుమతి లేని ఆయుధమని వారికి తెలియకపోవచ్చు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం దాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ జమ చేయాలి. వారసుల్లో ఎవరైనా ఉంచుకోదలిస్తే తమ పేరిట కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. మంజూరైతేనే ఆయుధం తిరిగి ఇంటికి వస్తుంది.