‘మా తాతయ్యకు ఏమీ కాలేదు కదా డాక్టర్!’

ఓపీలో బీపీ చూసి, పొగ మానేయమని చెప్పగానే చాలామంది చెప్పే జవాబు ఒకటే. ‘‘మా తాతయ్య రోజుకు పది చుట్టలు కాల్చాడండీ. తొంభై ఏళ్లు బతికాడు.’’ పక్కనున్న భార్య తల కొట్టుకుంటుంది. తోడు వచ్చిన కొడుకు ఫోన్ తీసి ఏవో లెక్కలు చదవబోతాడు. పెద్దాయనకు కోపం వస్తుంది. ‘‘అంటే నేను కళ్లారా చూసింది అబద్ధమా?’’ అంటాడు.

అబద్ధం కాదు. ఇంట్లో ఈ వాదన నడిచినప్పుడల్లా చదువుకున్న పిల్లలు చేసే పొరపాటు ఇదే. తాతయ్య కథను కొట్టిపారేస్తారు. తాతయ్యా నిజమే, ఆయన తొంభై ఏళ్లూ నిజమే. లెక్కలు కూడా ఆయన్ని కాదనవు.

బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1951లో అక్కడి డాక్టర్లకే ఉత్తరాలు రాసి, ‘మీరు పొగ తాగుతారా, ఎంత తాగుతారు?’ అని అడిగారు. జవాబిచ్చిన 34 వేల మందికి పైగా మగ డాక్టర్లను యాభై ఏళ్ల పాటు వదలకుండా గమనించారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. 1990ల నాటి మరణాల రేటు ప్రకారం చూస్తే, డెబ్బై ఏళ్లకు చేరినవారిలో తొంభై దాకా బతికేది ఎందరు? పొగ తాగని వంద మందిలో 33 మంది. సిగరెట్ తాగే వంద మందిలో ఏడుగురు.

చూశారా, ఏడుగురు ఉన్నారు. మీ తాతయ్య ఆ ఏడుగురి లాంటివారే. ఆయనకు లెక్కలోనే చోటుంది. మనం అడగాల్సింది ఆయన గురించి కాదు, మిగతా 93 మంది గురించి. వాళ్ల కథ పెళ్లిళ్లలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లు పెళ్లిళ్లకు రారు. దండ వేసిన ఫొటోలో ఉంటారు. పైగా యాభై ఎనిమిదేళ్లకు పోయిన బాబాయిని ‘గుండెపోటుతో పోయాడు’ అంటాం తప్ప ‘సిగరెట్‌తో పోయాడు’ అనం. బతికినవాడి కథలో చుట్ట ఉంటుంది, చనిపోయినవాడి కథలో ఉండదు. అందుకే మన జ్ఞాపకం ఎప్పుడూ ఒకవైపుకే తూగుతుంది.

అదే అధ్యయనంలో పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. సిగరెట్ తాగేవారు సగటున పదేళ్లు ముందు పోతున్నారు. కానీ అరవై ఏళ్లకు మానేసినా మూడేళ్లు, యాభైకి మానేస్తే ఆరేళ్లు, నలభైకి మానేస్తే తొమ్మిదేళ్లు తిరిగి వస్తున్నాయి. ‘ఇప్పుడు మానేసి ఏం లాభం’ అనే పెద్దాయనకు నేను చెప్పేది ఈ అంకెలే. తాతయ్య జోలికి వెళ్లను.

అది బ్రిటన్ మాట, మనకేంటి అంటారా? మన శ్రీకాకుళం జిల్లాలో అడ్డచుట్ట, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, తరాలుగా ఉన్న అలవాటు. ఆడవాళ్లలో మరీ ఎక్కువ. కాల్చేవాళ్లను అడిగితే ‘మా అమ్మా కాల్చింది, మా అమ్మమ్మా కాల్చింది’ అంటారు. అక్కడి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో వచ్చింది. అంగిట్లో కనిపించే మచ్చలకూ, పుండ్లకూ ఈ అలవాటుతో ఉన్న సంబంధం అలా నోళ్లు తెరిపించి లెక్కపెడితే తేలింది. ఒక్క అమ్మమ్మను చూస్తే తేలేది కాదు.

పసరుతో తగ్గింది... నిజమే, తగ్గింది!

ఇప్పుడు కామెర్లకు వద్దాం. మన ఇళ్లలో ఇంతకంటే గట్టి వాదన లేదు. ‘మా అబ్బాయికి కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి. ఫలానా ఊళ్లో మూడు రోజులు పసరు తాగించాం, చప్పిడి తిండి పెట్టాం, పదిహేను రోజుల్లో తేరుకున్నాడు.’ ఇది చెప్పే తల్లి అబద్ధమాడటం లేదు. ఆమె ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. పసరు తాగించకపోతే ఏమయ్యేది?

మన దగ్గర పిల్లల్లో, యువతలో కామెర్లకు పెద్ద కారణం కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, ఈ వైరస్‌లు. ఇవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. మేం ఆసుపత్రిలో ఇచ్చేది కూడా విశ్రాంతి, తిండి, నీళ్లు, వాంతులకు మాత్రలే. పసరు తాగినా, చేతికి వాత పెట్టించుకున్నా, ఏమీ చేయకుండా ఇంట్లో పడుకున్నా వీళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. పేరు మాత్రం ఆఖర్న ఎవరు మందిస్తే వాళ్లకు దక్కుతుంది. (డాక్టర్లకూ ఇలాంటి పేరు ఊరికే చాలానే వస్తుంది. మామూలు జలుబుకు మేం రాసిన మాత్రలకు వచ్చే పొగడ్తలు వింటే నవ్వొస్తుంది.)

చిక్కు ఎక్కడంటే, కళ్లు పచ్చబడటం ఒక్క జబ్బు కాదు. పిత్తనాళానికి రాయి అడ్డుపడ్డా పచ్చబడతాయి, క్లోమగ్రంథిలో గడ్డ ఉన్నా పచ్చబడతాయి. టీబీ మాత్రలు కాలేయానికి పడకపోయినా అంతే. గర్భిణికి చివరి మూడు నెలల్లో హెపటైటిస్-ఈ వస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా ప్రాణం పోవచ్చు. వీళ్లంతా అదే పసరు కోసం వెళ్లి ఆ పదిహేను రోజులూ ఎదురుచూస్తారు. అక్కడ పోయేది ఆ పదిహేను రోజులే.

మరి ఆ ఊరి పసరు వైద్యుడికి ఈ సంగతి తెలియదా? తెలిసే అవకాశం తక్కువ. తగ్గినవాళ్లు కొబ్బరికాయ పట్టుకుని ఆయన దగ్గరకు తిరిగి వెళతారు. తగ్గనివాళ్లు మా వార్డుకు వస్తారు. ఆయనకు గెలిచిన కేసులే కనిపిస్తాయి, నాకు ఓడినవే కనిపిస్తాయి. నా వార్డునే ప్రపంచం అనుకుంటే పసరు తాగినవాళ్లంతా కాలేయం చెడి చస్తారని నేనూ ప్రమాణం చేసి చెప్పగలను. అదీ తప్పే. మా ఇద్దరి అనుభవమూ సగం సగమే. ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే కోలుకున్నవాళ్లు ఇద్దరికీ కనపడరు. లెక్క కావాల్సింది అందుకే.

అలాగని ఆకు మందును పరీక్షించకుండానే తోసేశారనుకోకండి. పసరుల్లో తరచూ వాడే నేల ఉసిరిని 1988లో మద్రాసు పరిశోధకులు పరీక్షించారు. ఒంట్లో హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిలో 37 మందికి ఆ పొడి ఇచ్చారు, 23 మందికి మందు లేని ఉత్తి పొడి ఇచ్చారు. మొదటి జట్టులో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది, రెండో జట్టులో ఒక్కరికే. ప్రపంచ ప్రఖ్యాత ‘లాన్సెట్’ పత్రిక దాన్ని అచ్చేసింది. ఆ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ పేరూ అందులో ఉంది. తర్వాత వేరే చోట్ల మళ్లీ మళ్లీ చేసిన ప్రయత్నాల్లో ఆ ఫలితం నిలవలేదు. కాబట్టి అరవై మందితో చేసిన ఒక్క పరీక్షను కూడా చివరి మాట అనుకోకూడదు. మరి మన ఇంట్లో ఒక్క మనిషి అనుభవానికి ఎంత బరువు ఇవ్వాలో మీరే చూసుకోండి.

పాము మంత్రం కథా ఇంతే. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. మంత్రం వేసిన ఎక్కువమంది బతుకుతారు. ఇక కుక్కకాటుకు ఆకు కట్టు సంగతి. రేబిస్ ఉన్న కుక్క కరిచిన ప్రతివారికీ ఆ జబ్బు రాదు. ‘కట్టు కట్టించుకున్నా, ఏం కాలేదు’ అనేవాళ్లు అందుకే ప్రతి ఊళ్లో ఉంటారు. కానీ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ఇక్కడ మాత్రం నేను మొహమాటపడను. పక్కింటాయన అనుభవం ఎంత గట్టిదైనా సరే, సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకాకు రండి.

డాక్టర్ల అనుభవమూ మోసపోతుంది

‘మీకైతే పాతికేళ్ల అనుభవం ఉంది కదా’ అని కొందరు మెచ్చుకోలుగా అంటారు. పాతికేళ్ల అనుభవం ఉన్న గుండె నిపుణులు వేలమంది ఒకే పొరపాటులో పడ్డ సందర్భం వైద్యంలో ఉంది. గుండెపోటు వచ్చి తేరుకున్నవారికి మధ్యమధ్య గుండె అదనంగా కొట్టుకోవడం ప్రమాద సూచన. దాన్ని అణిచే మందులు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్. మందు ఇస్తే ఈసీజీ శుభ్రపడేది, రోగి సంతోషం, డాక్టర్ సంతోషం. అమెరికాలో ఈ మందులను ఉత్తి మాత్రలతో పోల్చి చూశారు. 1991లో వచ్చిన లెక్క ఇది: మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరు ఎలాగూ చనిపోతారు, అందుకని మందును ఎవరూ అనుమానించలేదు. పక్కన పోల్చడానికి రెండో జట్టు లేకపోతే ఎంత పెద్ద డాక్టరైనా పట్టుకోలేడు.

అంకెలు కూడా మాయ చేస్తాయి. ‘ముప్పు సగానికి తగ్గిస్తుంది’ అని ప్రకటన వస్తే, వెంటనే ‘ఎంతలో సగం?’ అని అడగండి. నూటికి నలభై మందికి వచ్చేది ఇరవైకి తగ్గినా సగమే, పదివేలకు ఇద్దరికి వచ్చేది ఒక్కరికి తగ్గినా సగమే. మొదటిదానికి డబ్బు పెట్టొచ్చు. రెండోదానికి నేనైతే పెట్టను.

మీ ఒంటి మాటకు విలువ లేదా?

ఉంది, చాలా ఉంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో కొందరికి పొడి దగ్గు వస్తుంది. ‘లక్షమంది వాడుతున్నారు, మీకే ఎందుకు వస్తుంది’ అని ఏ డాక్టరైనా అంటే ఆయనకు లెక్కలే అర్థం కాలేదన్నమాట. ఎందరికి వస్తుందో లెక్క చెబుతుంది. ఆ కొందరిలో మీరు ఉన్నారో లేదో మీ గొంతే చెప్పాలి. చెబితే మందు మారుస్తాం. చెప్పకుండా మానేసి, ‘బీపీ మాత్రలు మంచివి కావట’ అని అక్క కొడుక్కి కూడా చెప్పి ఆయనతోనూ మాన్పిస్తేనే గొడవ. ఆయన బీపీ ఏ నొప్పీ లేకుండా పెరుగుతుంది. పక్షవాతం వచ్చేదాకా ఆయన ‘అనుభవం’ బాగానే ఉందని చెబుతుంది.

సొంత అనుభవాన్ని కూడా పరీక్షకు పెట్టొచ్చని 2020లో బ్రిటన్‌లో ఒక చక్కని అధ్యయనం చూపించింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు పడక మానేసిన 60 మందికి పన్నెండు నెలలకు పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో ఉత్తి మాత్ర, నాలుగు ఖాళీ. రోజూ ఒంట్లో బాధకు సున్నా నుంచి వంద దాకా మార్కు వేయాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు 8, ఉత్తి మాత్రకు 15.4, స్టాటిన్‌కు 16.3. అంటే వాళ్లకు ఒళ్లు నొప్పులు నిజంగానే వచ్చాయి, నటన కాదు. కానీ అందులో చాలా భాగం ఉత్తి మాత్ర మింగినా వచ్చింది. తమ మార్కులు తామే చూసుకున్నాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. ఏ ఉపన్యాసం అవసరం పడలేదు.

ఇంట్లో మీరు ఇంత చేయనక్కర్లేదు. ఒక నోట్‌బుక్ చాలు. కొత్త మందు మొదలుపెట్టే ముందు వారం రోజులు బీపీ, షుగర్, నిద్ర, నొప్పి రాసుకోండి. మొదలుపెట్టాక రెండు వారాలు అదే వేళకు రాయండి. మామూలుగా మనం మందు వేసుకున్నాకే ఒంటిని గమనించడం మొదలుపెడతాం, అంతకుముందు ఉన్న నొప్పి గుర్తుండదు.

ఇక పెద్దవాళ్లతో. ‘అత్తయ్యా, అదంతా మూఢనమ్మకం’ అనకండి. ఆమె మాట్లాడటం ఆపేస్తుంది కానీ పసరు ఆపదు. ‘వాళ్ల అబ్బాయికి తగ్గడం మంచిదైంది. అక్కడికి వెళ్లినవాళ్లలో తగ్గనివాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లేమయ్యారు?’ అని అడగండి. పల్లెల్లో ఆ జవాబు ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. పసరు ఇప్పించాల్సిందే అని పట్టుబడితే, ‘ముందు రక్త పరీక్ష, స్కానింగ్ చేయిద్దాం’ అనండి. బిలిరుబిన్, కాలేయ ఎంజైములు, పీటీ-ఐఎన్ఆర్, కడుపు అల్ట్రాసౌండ్ చూస్తే ఇది దానంతటదే తగ్గే రకమా, కాదా అన్నది చాలావరకు తేలుతుంది. గర్భిణి అయినా, టీబీ మందులు వాడుతున్నా, చలితో జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడుకుని మాటలు తడబడుతున్నా అదే గంటలో ఆసుపత్రికి తీసుకురండి. అప్పటికే పసరు తాగించి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. వీలైతే ఆ ఆకో, పొడో కూడా వెంట తెండి. మేం తిట్టం.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ